క్షీరముద్రలో గల్లంతైన గేదె

మా జిల్లా పాల సమితి ఎండీ వైకుంఠరావు గారు నగరంలో ఒక పెద్ద హోటల్లో జరిగిన సదస్సుకు వెళ్ళి, వస్తూ వస్తూ మా కోసం ఒక నాణెం పట్టుకొచ్చారు. జేబులో వేసుకునే నాణెం కాదు, ఫోనులో ఉండేది. దాని పేరు క్షీరముద్ర. అంతవరకు జున్నువారిపాలెంలో పాలు పోసినవాళ్ళకి పదిరోజులకోసారి పాలకేంద్రం అరుగు మీద కూర్చుని నేనే నోట్లు లెక్కపెట్టి ఇచ్చేవాణ్ణి. ఆ సొసైటీకి నేను సెక్రటరీని. డబ్బు తక్కువొచ్చినవాళ్ళు వెనక్కొచ్చి నన్ను తిట్టేవాళ్ళు, ఎక్కువొచ్చినవాళ్ళు రెండు రోజులు నాకు కనపడేవాళ్ళు కాదు. ఏ గొడవా లేకుండా గడిచిపోయేది.

కొత్త సర్క్యులరును నేనే అరుగు మీద నిలబడి చదివి వినిపించాను. "మధ్యవర్తుల ప్రమేయమును సమూలముగా నిర్మూలించి, నమ్మకముతో నిమిత్తము లేని పారదర్శక వ్యవస్థను పాడి రంగమున నెలకొల్పుటయే క్షీరముద్ర యొక్క పరమ లక్ష్యము" అని ఉంది అందులో.

"మధ్యవర్తంటే ఎవురన్నాయ్?" అని అడిగింది తిరపతమ్మ. ఊరికి పడమటి పక్కన ఒంటి గేదెతో బతికే మనిషి. మొగుడు పోయాక ఆ గేదె పాల మీదే ఇల్లు నడుపుకొస్తోంది. గేదె పేరు సింగారి.

"నేనేనమ్మాయ్" అన్నాను.

"నువ్వు ఏం జేశావని నిన్ను తీసేస్తన్నారు?"

"నమ్మకంతో పని లేకుండా చేస్తారంట."

"నమ్మకం లేకపోతే పాలెట్టా పోస్తాం?" అంది. సర్క్యులరులో దానికి జవాబు లేదు గనక నేను తర్వాతి పేరాకి వెళ్ళిపోయాను.

తర్వాతి పేరాలో సంగతి ఇది. ప్రతి గేదె చెవికీ ఒక పసుపుపచ్చ బిళ్ళ ఉంటుంది. ఆ బిళ్ళ నంబరు మీద ఫోనులో ఒక వాలెట్ తెరవాలి. ఆ వాలెట్‌కు బారెడు అడ్రసు. వాలెట్ తెరిచిన గేదె పాలు సమితికి తప్ప బయట అమ్మకూడదు. పాలు పోసిన మరుక్షణం డబ్బు ఆ అడ్రసులో పడుతుంది. పడిన ప్రతిసారీ ధ్రువీకరణ రుసుము అని కొంత తెగుతుంది. రుసుము పాలను బట్టి ఉండదు, రద్దీని బట్టి ఉంటుంది. ఎంతమంది ఒకేసారి డబ్బు పంపుకుంటుంటే అంత పెరుగుతుంది.

జిల్లాలో గేదెలన్నీ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పాలిస్తాయి. ఇది ఎండీ గారికి ఎవరూ చెప్పినట్టు లేదు. మొదటిరోజు పొద్దున తిరపతమ్మ రెండు లీటర్లు పోస్తే రుసుము పోగా అగ్గిపెట్టె కొనుక్కునే డబ్బు మిగిలింది. సాయంత్రానికి రద్దీ ఇంకా పెరిగి, పాల ఖరీదును రుసుము దాటేసింది. పాలు పోసి సమితికి బాకీ పడిన మొదటి మనిషి ఆవిడే. రెండో మనిషి మా ప్రెసిడెంటు పోతురాజు గారు. ఆయన బాకీ పడ్డాక గానీ సమితికి ఫోను చెయ్యాలని మాకెవరికీ తోచలేదు.

సమితి నుంచి సాంకేతిక సలహాదారు ప్రణీత్ గారు కారులో వచ్చారు. మంచి చదువు చదువుకున్న మనిషి. చెప్పులకు పేడ అంటకుండా అరుగు మీదకి ఎక్కడానికి కొంచెం ఇబ్బంది పడ్డారు.

"సమస్య వ్యవస్థలో లేదండీ, మీ అలవాటులో ఉంది" అన్నారు. "అందరూ ఒకే వేళకి పితికితే నెట్‌వర్కు మీద భారం పడదా? రద్దీ లేని వేళల్లో పితకండి. మధ్యాహ్నం రెండింటికి రుసుము నామమాత్రం."

"మజ్జానం బర్రెలు వాగులో ఉంటయ్యండీ" అన్నాడు మా కేంద్రంలో పాలు పోసే మస్తానయ్య.

"అయితే వాగులో పితకండి."

మావాళ్ళు పెద్ద చదువంటే గౌరవం ఉన్నవాళ్ళు. మర్నాడు మిట్టమధ్యాహ్నం మగాళ్ళు పంచెలు ఎగ్గట్టుకుని, ఆడవాళ్ళు కొంగులు దోపుకుని, ఒక చేత్తో బకెట్టూ ఒక చేత్తో ఫోనూ పట్టుకుని మొలలోతు నీళ్ళల్లోకి దిగారు. ఒక్క గేదె కూడా చేపి పాలు వదల్లేదు. రెండు ఫోన్లు వాగుపాలయ్యాయి. మాజీ ప్రెసిడెంటు భద్రయ్య గారిని వాళ్ళ సొంత గేదే తన్నింది. అది పోతురాజు గారు నేర్పించిన పనే అని ఆయన వర్గంవాళ్ళు ఇప్పటికీ అంటుంటారు.

ఆ వారంలోనే మస్తానయ్య సంగతి జరిగింది. అతనికి ఒక గేదె, ఒక ఆవు. ఆవుపాలు పోసి, అలవాటు కొద్దీ గేదె అడ్రసు చెప్పాడు. డబ్బు మాయమైపోయింది. ప్రణీత్ గారు మళ్ళీ వచ్చి విడమరిచి చెప్పారు. గేదెల అడ్రసులు ఏడుతో మొదలవుతాయి. ఆవులవి మూడుతో మొదలవుతాయి. ఇది ఒక నెట్‌వర్కు, అది ఒక నెట్‌వర్కు. ఒకదాని డబ్బు రెండోదానికి పొసగదు.

"అయితే నా డబ్బులు పోయినట్టేనా బాబూ?"

"పోలేదండీ. భద్రంగా ఉన్నాయి. ప్రపంచంలో ఎవరూ వాటిని ముట్టుకోలేరు."

"నేను గూడానా?"

"ముఖ్యంగా మీరు" అన్నారు ప్రణీత్ గారు.

ఇక లాభం లేదని నేను మీటింగు పెట్టాను. రుసుము లీటరుకు కాదు, చెల్లింపుకు. కాబట్టి చెల్లింపులు తగ్గిస్తే సరిపోతుంది. ఊరందరి పాలూ ఒక్క అడ్రసులో పోయించి, ఒక్క చెల్లింపు తెప్పించుకుని, మనలో మనం పంచుకుందాం అన్నాను. ఎవరి అడ్రసు అన్న దగ్గర ఆగింది. పోతురాజు గారి గేదె అడ్రసులో తమ పాలు పడటానికి భద్రయ్య గారి వర్గం ఒప్పుకోదు. భద్రయ్య గారి గేదె పేరు ఎత్తితేనే పోతురాజు గారి వర్గం లేచి కండువాలు దులుపుకుంది. ఏ వర్గంలోనూ లేని మనిషి ఊరు మొత్తానికి తిరపతమ్మ ఒక్కతే. అలా సింగారి అడ్రసు ఖాయమైంది.

ఆ తర్వాత రెండు నెలలు బ్రహ్మాండంగా నడిచింది. నేను వారానికోసారి టౌనుకు వెళ్ళి, సమితి కౌంటర్లో క్షీరముద్రల్ని నోట్లుగా మార్పించుకొచ్చి, ఎవరి వాటా వాళ్ళకిచ్చేవాణ్ణి. మధ్యవర్తిని సమూలంగా నిర్మూలించాక మధ్యవర్తికి పని రెట్టింపైంది.

సమితి ఆఫీసులో గోడ మీద ఒక పెద్ద తెర ఉంటుందట. జిల్లాలో ఏ గేదె ఎన్ని పాలిస్తున్నదీ అందులో కనిపిస్తుందట. ఒకరోజు ఎండీ గారు టీ తాగుతూ ఆ తెరకేసి చూశారు. జున్నువారిపాలెం అనే ఊళ్ళో సింగారి అనే గేదె రోజుకు ఆరువందల నలభై లీటర్లు ఇస్తోంది. ఆ ఊళ్ళో మిగతా గేదెలన్నీ ఒక్కసారిగా వట్టిపోయాయి. టీ చల్లారిపోయిందని ఆయన తర్వాత ఉపన్యాసంలో చెప్పారు.

ఆ ఉపన్యాసం మా ఊళ్ళోనే జరిగింది. మూడు కార్లు, ఒక లారీ వచ్చాయి. తిరపతమ్మ పాక ముందు షామియానా వేశారు. సింగారికి పూలదండ వేస్తే అది సగం దండ నమిలేసింది. దానికి 'క్షీరశిరోమణి' బిరుదు ఇచ్చి ఫోటోలు తీశాక, ఎండీ గారు గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, ఈ గేదె దినసరి ఆరువందల నలభై లీటర్ల దిగుబడి ఇస్తున్నట్టు మా వద్ద చెరపరాని ఆధారమున్నది."

"రెండు పూటలా కలిపి అయిదు లీటర్లండీ" అంది తిరపతమ్మ. "కుడితి బాగా పడితే అయిదున్నర."

నేను ముందుకొచ్చి ఉన్నదున్నట్టు చెప్పేశాను. "సార్, అవి ఊరందరి పాలు. రుసుము తగ్గుతుందని ఒక్క అడ్రసులో పోయించాం."

వైకుంఠరావు గారు జాలిగా నవ్వారు. "సెక్రటరీ గారూ, మీరు చెప్పేది నోటిమాట. మా వద్ద ఉన్నది మార్చడానికి వీల్లేని రికార్డు. మార్చడానికి వీల్లేనిది తప్పెలా అవుతుంది?"

"పితికి చూడండి సార్."

పితికించి చూశారు. తిరపతమ్మ కూర్చుని, పొదుగు నిమిరి, పాట పాడినట్టుగా ఏదో అంటూ పితికింది. రెండున్నర లీటర్లు వచ్చాయి. ప్రణీత్ గారు బకెట్లోకి చూసి, ఫోనులోకి చూసి, మళ్ళీ బకెట్లోకి చూశారు.

"సామర్థ్యం రికార్డులో స్పష్టంగా ఉంది సార్" అన్నారు. "గేదెలో కనిపించకపోవడం క్షేత్రస్థాయి నిర్వహణ లోపం."

అంతే, సమితివాళ్ళందరి ముఖాలూ వెలిగిపోయాయి. ఆరువందల నలభై లీటర్ల గేదె దగ్గర రెండున్నరే పితుకుతున్నదంటే ఆ మనిషి చేతుల్లో అమూల్యమైన సంపద పాడైపోతున్నట్టే కదా. తక్షణం జిల్లా దున్నపోతుల క్షేత్రానికి తరలించి, అక్కడి మేలుజాతి దున్నతో సంతానోత్పత్తి జరిపించాలని ఎండీ గారు అక్కడికక్కడే ఆదేశించారు. లారీ ఎందుకు తెచ్చారో నాకప్పుడు అర్థమైంది.

"నా బర్రెను నేనియ్యను" అంది తిరపతమ్మ.

"అమ్మా, వాలెట్ తెరిచిన రోజున 'అంగీకరిస్తున్నాను' అన్నచోట మీరు నొక్కారు. నలభై రెండో షరతు చూడండి, మేలైన పశువును సమితి తీసుకోవచ్చును."

"నొక్కకపోతే పాలు పోయించుకోరంటిరి గదా! అది నా చెయ్యి తగిలితే గానీ చేపదండీ. పొదుగు వాచి చచ్చిపోద్ది."

"సమితి దగ్గర నిపుణులున్నారు" అన్నారు ఎండీ గారు.

పలుపు పట్టుకుని లారీ దాకా వెళ్ళింది తిరపతమ్మ. లారీ కదిలాక చేతిలో సగం దండ మిగిలింది. పోతురాజు గారూ భద్రయ్య గారూ జీవితంలో మొదటిసారి ఒకే అరుగు మీద పక్కపక్కన కూర్చుని తలలు దించుకున్నారు. ఒక్క అడ్రసు ఆలోచన నాది.

మర్నాడు ప్రణీత్ గారు ఫోను చేశారు. "చిన్న అసౌకర్యం జరిగిందండీ. ఆస్తి బదిలీ సందర్భంలో గేదె గల్లంతైంది."

"గల్లంతేంటి సార్? లారీ బోల్తా పడిందా?"

"ఛ, ఛ. లారీ బాగానే చేరింది. గేదె కూడా చేరింది. కానీ మీ అడ్రసు ఏడుతో మొదలవుతుంది కదా. దున్నపోతుల క్షేత్రానిది తొమ్మిది. పొసగలేదు."

నేనూ తిరపతమ్మా పచ్చగడ్డి మోపు ఒకటి ఆటోలో వేసుకుని బయల్దేరాం. క్షేత్రం గేటు దగ్గరే సింగారి అరుపు వినపడింది. కరెంటు స్తంభానికి కట్టేసి ఉంది. ముందు గడ్డి పరక లేదు. పొదుగు రాయిలా బిగిసిపోయి, నిలబడలేక కాళ్ళు మార్చి మార్చి వేస్తోంది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

సూపరింటెండెంటు గారు మర్యాదస్థులు. నాకు కుర్చీ వేయించారు.

"మేత ఎందుకు వెయ్యలేదండీ?" అని అడిగాను.

"మేత మంజూరు కావాలంటే ముందు గేదె ఉండాలి కదండీ. మీ అడ్రసు నుంచి బయటికి పోయింది గనక అది మీ వద్ద లేదు. మా అడ్రసుకు చేరలేదు గనక మా వద్దా లేదు."

"మరి ఆ స్తంభానికి కట్టేసింది ఏంది?"

"అది భౌతిక పార్శ్వం" అన్నారాయన. "దాని విషయమై మాకు ఆదేశాలు రాలేదు."

తిరపతమ్మ ఈ మాటలేవీ వినలేదు. తెచ్చిన మోపు విప్పి సింగారి ముందు వేసి, వాచ్‌మన్ దగ్గర బకెట్టు లాక్కుని దాని పక్కన కూర్చుంది. "వచ్చా తల్లే, వచ్చాగా, ఇంక అరవమాక" అంటూ పొదుగు నిమిరింది. కాసేపటికి పాలు బకెట్టులో చప్పుడు చేస్తూ పడ్డాయి. మూడు లీటర్ల దాకా వచ్చి ఉంటాయి. అవి వాచ్‌మన్‌కే ఇచ్చేసి, చీరకొంగు బిగించి, పలుపు విప్పి, గేటు వైపు నడిచింది. వాచ్‌మన్ బకెట్టు కింద పెట్టి అడ్డం నిలబడ్డాడు.

"అడ్డం లెగు" అంది తిరపతమ్మ. "దీన్ని ఆపాలంటే ముందు దీనికి గడ్డెయ్యండి. గడ్డెయ్యటానికి లేని బర్రె ఆపటానికి ఎట్టా ఉంది?"

సూపరింటెండెంటు గారు కంగారుగా ఎండీ గారికి ఫోను కలిపారు. అందరికీ వినపడేలా పెట్టారు.

"ఆపవద్దు" అన్నారు వైకుంఠరావు గారు. "ఆపినచో గేదె ఉన్నదని మనం అంగీకరించినట్లగును. ఉన్నదని అంగీకరించినచో లావాదేవీలో లోపం జరిగినదని నమోదగును. నమోదైనది చెరపరాదు."

"చిత్తం సార్" అని, సూపరింటెండెంటు గారు వాచ్‌మన్ వైపు తిరిగారు. "గేటు తియ్యవయ్యా."

"ఎవరికోసం తీశానని రాయాల్సార్?"

"ఎవరికోసమూ కాదు. గాలి కోసం."

గాలి కోసం తీసిన గేటులోంచి సింగారి ఠీవిగా బయటికి నడిచింది.

ఇంటికొచ్చాక చెవి బిళ్ళ నంబరు ఫోనులో కొట్టి చూశాను. ఏమీ రాలేదు. ఆ గేదెకు అడ్రసు లేదు, వాలెట్ లేదు, రుసుమూ లేదు. తిరపతమ్మ దాని పాలు సాంబడి టీకొట్టుకు పోసింది. సాంబడు గల్లాపెట్టె తీసి నోట్లిచ్చాడు. ఎవరూ ఏమీ ధ్రువీకరించలేదు.

కానీ ఊళ్ళో మిగతావాళ్ళ పని మళ్ళీ మొదటికొచ్చింది. సింగారి అడ్రసు మూతపడింది, ఇంకో గేదె అడ్రసు పెడితే దానికీ లారీ వస్తుంది గనక ఎవరి పాలు వాళ్ళ వాలెట్లలోనే పోసి, ఎవరి రుసుము వాళ్ళే కట్టుకోవాలి. నాలుగు రోజులు కట్టారు. ఐదోరోజు పొద్దున నేను తలుపు తీసేసరికి పాలకేంద్రం ముందు పెద్ద వరస. పాల క్యాన్లు లేవు. అందరి చేతుల్లో పలుపులు, పలుపులకి గేదెలు.

"నా బర్రెను గూడా ఆ తొమ్మిది అడ్రసుకి పంపిచ్చు సెక్రటరీ గారూ" అన్నాడు వరసలో మొదటివాడు.

"ముందు నాది గల్లంతవ్వాల. నేను ప్రెసిడెంటుని" అన్నారు పోతురాజు గారు.

"నేను ప్రెసిడెంటుగా ఉన్నప్పుడు నువ్వు ఓటరువి గూడా కాదు" అన్నారు భద్రయ్య గారు. ఇద్దరివీ ఒకేసారి నొక్కి ఆ గొడవ తీర్చాను. మస్తానయ్య ఆవును కూడా తోలుకొచ్చాడు. మూడు నుంచి తొమ్మిదికి పోతుందా అని అడిగాడు. పోలేదు. అంటే పోయింది. ఎగిరి గంతేశాడు. ఆరోజు కట్టిన రుసుము మా ఊరివాళ్ళు అంతకు ముందెన్నడూ అంత సంతోషంగా కట్టలేదు.

వారం తిరక్కుండా సమితి నుంచి మా సొసైటీకి షీల్డు వచ్చింది. ఒకే రోజున అత్యధిక లావాదేవీలు జరిపిన ఆదర్శ గ్రామం అని రాసుంది దాని మీద. షీల్డుతో పాటే ఇంకో కాగితం వచ్చింది. జున్నువారిపాలెంలో రికార్డు ప్రకారం పశువులు లేనందున పాలకేంద్రాన్ని మూసివేయడమైనది, సెక్రటరీ మాత్రం తదుపరి ఆదేశాల వరకు విధుల్లో కొనసాగవలెను అని ఉంది అందులో.

కొనసాగాను. పాలు లేని కేంద్రంలో, తాళం వేసిన తలుపు ముందు రోజంతా కూర్చునేవాణ్ణి. ఎదురుగా వీధిలో పొద్దునా సాయంత్రం లేని గేదెలు గుంపులు గుంపులుగా వాగుకు వెళ్ళి వచ్చేవి. సాంబడి కొట్టు దగ్గర టౌను నుంచి పాలవ్యాన్లు ఆగడం మొదలైంది. పాలు కొలిచే మనిషి లేక సాంబడు అవస్థపడుతున్నాడు.

ఒకరోజు తిరపతమ్మ గ్లాసుతో టీ తెచ్చి నా పక్కన పెట్టింది.

"నీ జీతం ఎట్టా వస్తదన్నాయ్?"

"క్షీరముద్రలోనే."

"దాన్లో రుసుము పోద్దా?"

"పోద్ది."

"ఎంత మిగులుద్ది?"

జేబు తిరగేసి చూపించాను. "నిన్ను గూడా ఆ తొమ్మిదికి పంపిచ్చుకోరాదా?" అంది.

ఇద్దరం నవ్వుకున్నాం. ఆవిడ ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్ళిపోయాక నేను ఫోను బయటికి తీశాను. సిబ్బంది అడ్రసులు ఒకటితో మొదలవుతాయి. పంపవలసిన ఆస్తి అన్నచోట నా ఉద్యోగి నంబరు కొట్టాను. చేరవలసిన అడ్రసు దగ్గర దున్నపోతుల క్షేత్రం పెట్టాను. "ఈ బదిలీ వెనక్కి తీసుకొనుటకు వీలుపడదు. అంగీకరిస్తున్నారా?" అని అడిగింది. రుసుము ఒక నెల జీతం. నొక్కేశాను.

మర్నాడు పొద్దున్నే వైకుంఠరావు గారు స్వయంగా ఫోను చేశారు. "సెక్రటరీ గారూ, మా తెర మీద మీరు కనిపించడం లేదు. ఎక్కడున్నారు?"

"లేను సార్" అన్నాను.

ఫోను జేబులో పెట్టుకుని, చొక్కా చేతులు మడిచి, సాంబడి కొట్టు ముందు క్యాన్ మూత తీశాను. వరసలో మొదట తిరపతమ్మ నిలబడి ఉంది.

"కొలువన్నాయ్" అంది.